నేత్రదానము - శాస్త్రదృష్టి

మరణించినవాని కన్నులు తీసి యిచ్చినచో మరుజన్మమున అంధుడై పుట్టునను భయము పెక్కు గృహములలో ఇంకను కలదు. ఆ శంకను పరిహసించుట తగదు. శాస్త్రముననే సమాధానము వెదకవలెను.

ఋగ్వేదము పదవ మండలములోని అంత్యేష్టి సూక్తమున మృతుని చక్షువు సూర్యుని చేరుగాక అను ప్రార్థన ఉన్నది. సూర్యుని చేరవలసిన దానిని పరున కెట్లు ఇత్తురని ప్రశ్న. వేదాంతులు చేసిన భేదము ఇచట గ్రహింపదగినది. కనబడు కనుగ్రుడ్డు గోళకము మాత్రమే. చూచు శక్తియే ఇంద్రియము. ఇంద్రియము సూక్ష్మశరీరమునకు చెందినది, జీవునితో పోవును. గోళకము చితిలో బూడిద యగును. కాలిన కన్ను మరుజన్మమున అంధత్వము తేనప్పుడు, ఇచ్చిన కన్ను మాత్రము ఎట్లు తెచ్చును?

శ్రీకాళహస్తిలో తిన్నడు బ్రతికియుండగనే కన్ను పెకలించి శివునకు అర్పించెను. ఆయనను అంగహీనుడని ఎవరును అనలేదు. కన్నప్ప యనియే కొలిచిరి. నేడు కోరునది అంత కఠినము కాదు.

అంధునికి అమర్చునది కంటి ముందుండు కార్నియా అను స్వచ్ఛమైన పొర. అది చెడి చూపు పోయినవారికే ఈ దానము చూపు నిచ్చును. మరణించిన 6 గంటలలోపల సేకరింపవలెను. అంతదనుక ఱెప్పలు మూసి, తడిదూది యుంచి, పంకా ఆపవలెను. శుక్లములకు శస్త్రచికిత్స జరిగినవారును ఈయవచ్చును. ముఖము వికృతము కాదు. పిదప సంస్కారములు యథావిధిగా జరుగును.

ప్రతిజ్ఞాపత్రము వ్రాసినను, ఆ గడియలో బంధువులు సమ్మతింపనిచో కార్యము ఆగిపోవును. కావున వ్రాసినవారు కొడుకులకు, కోడండ్రకు ముందే తెలుపవలెను. పురోహితునికిని చెప్పుట మేలు. శవము చెంత మొదట సందేహము లేవనెత్తునది తరచు ఆయనయే.