తలకోన నడక – అర్ధశక్తి నియమం

ఆరోగ్యం కోరి అడవులకు, జలపాతాలకు వెళ్ళేవారి సంఖ్య ఏటేటా పెరుగుతున్నది. మంచిదే. అయితే వైద్యుడు "నడవండి" అని చెప్పి ఊరుకుంటే చాలదని నాకు ఒక రోగి వలన తెలిసివచ్చింది. స్థౌల్యంతో వచ్చిన యాభై ఏళ్ళ గృహస్థుకు పథ్యం చెప్పాను, నడక చెప్పాను, కొలత చెప్పలేదు. ఆయన జ్యేష్ఠ మాసపు ఎండలో మిత్రులతో తలకోన వెళ్ళి, కడుపునిండా పులిహోర తిని, ఎగువ దారంతా ఆగకుండా ఎక్కి, చెమటతోనే నీటిధార క్రింద నిలుచున్నారు. గుండెలో బరువు మొదలైంది. వాయువనుకొని మిత్రులు అల్లపురసం పట్టించి రెండు గంటలు కూర్చోబెట్టారు. ఆసుపత్రికి చేరేసరికి గుండె కండరం కొంత దెబ్బతిన్నది. ప్రాణం మాత్రం దక్కింది.

తిరుపతి జిల్లా ఎర్రావారిపాలెం మండలంలోని ఈ తలకోన, 1989లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానంలోనిది. శేషాచలం కొండలను 2010లో బయోస్ఫియర్ రిజర్వుగా ప్రకటించారు. సిద్ధేశ్వరస్వామి ఆలయం దాటి చెట్ల నీడన సాగే దారి, 270 అడుగుల ఎత్తు నుండి దూకే నీరు చూచినవారికి ఒంట్లో లేని బలం ఉన్నట్లు తోస్తుంది. చిక్కు అక్కడే ఉన్నది.

వ్యాయామం తన బలంలో సగం మేరకే చేయవలెనని మన శాస్త్రం. సగమెంతో తెలిసేదెట్లు? నుదుట, ముక్కుపై, చంకలలో చెమట పుడుతుంది, నోరు ఎండుతుంది, ముక్కుతో తీసే గాలి చాలక నోరు తెరవవలసివస్తుంది. అదే అర్ధశక్తి. కొండదారిలో నోరు తెరుచుకున్న చోటనే కూర్చోండి. శ్వాస మరల ముక్కుకు చేరిన పిదపనే లేవండి. ఈ సగం కూడా బలవంతులకు, అందునా హేమంత, శిశిర, వసంత ఋతువులలో. గ్రీష్మ, వర్షర్తువులలో ఇంకా తగ్గించాలి. వృద్ధులకు వ్యాయామం వద్దని గ్రంథాలు అన్నా, చదును నేలపై మెల్లని నడకను నేను మానిపించను, నేనూ మానలేదు. అజీర్ణం ఉన్ననాడు మాత్రం ఎవరూ కొండ ఎక్కరాదు. భోజనం చేసిన వెంటనే స్నానం కూడదు. చెమట ఆరి, శ్వాస కుదుటపడిన పిమ్మటనే నీటిలో దిగాలి.

దప్పికకు ధనియాల హిమం చేసుకొనవచ్చు. 20 గ్రాముల ధనియాలు దంచి, 120 మిల్లీలీటర్ల చల్లని నీటిలో రాత్రి నానబెట్టి, ఉదయం వడగట్టి పటికబెల్లంతో త్రాగి బయలుదేరాలి. మధుమేహులు పటికబెల్లం మానాలి. ఇది మంచినీటికి బదులు కాదు. నీరు వెంట ఉండవలసినదే. గుండెలో బరువు, ఎడమ చేతికో దవడకో ప్రాకే నొప్పి, చల్లని చెమట కనబడితే ఏ రసమూ, ఏ కషాయమూ వద్దు, నా మందు కూడా వద్దు. రోగిని నడిపించక, వెంటనే ఆసుపత్రికి చేర్చండి.

అక్కడి ప్రాణుల విషయం. కోతులకు తినుబండారాలు చూపకండి. కరిచినా, గీరినా గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో పదిహేను నిమిషాలు కడిగి, రేబిస్ టీకాకై ఆనాడే వెళ్ళాలి. పసుపు అద్ది కూర్చోరాదు. ఎలుగుబంట్లు తిరిగే అడవి గనుక చీకటి పడకముందే దిగివచ్చేయాలి. పెద్ద కళ్ళ దేవాంగపిల్లి రాత్రులు చెట్లపై పురుగులు ఏరుకుని బ్రతికే సాధుజంతువు. దాని అంగాలు మందుకు పనికివస్తాయన్న మూఢ విశ్వాసంతో దానిని చంపేవారున్నారు. నేను చదివిన చికిత్సలో అట్టి యోగం ఒక్కటీ లేదు. అమ్మజూపినవాడు వైద్యుడు కాడు.

ఎర్రచందనం సంగతీ అంతే. తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే సహజంగా పెరిగే ఈ చెట్టు మన లేపాలలోని రక్తచందనమే. అయినా అడవిలో బెరడు ముక్క గీకినా నేరం. లేపానికి కావలసినది చట్టబద్ధంగా అమ్మేచోట కొనండి. మా గురువుగారు అడవికి తీసుకువెళ్ళినప్పుడు రాలిన ఆకునే చేతికిచ్చేవారు. రంగు, ఈనెలు, వాసన చూచి చెట్టు పేరు చెప్పిన పిదప, ఆ ఆకును తీసినచోటనే పెట్టించి ముందుకు సాగేవారు.