మ్యాట్ ఆరబెట్టే సంగతి

విజయవాడ,
శ్రావణ మాసం.

చి. హారికకు పెద్దమ్మ ఆశీస్సులు.

యోగా మ్యాట్ కంపు కొడుతోందని, పారేసి కొత్తది కొంటానని ఫోన్లో అన్నావు. కొనుక్కో, నేనేం వద్దనను. కాకపోతే వాసన ఎందుకొచ్చిందో తెలుసుకోకుండా కొంటే కొత్తదీ దసరా నాటికి ఇలాగే తయారవుతుంది. ఇదంతా వాట్సాప్‌లో పెడితే ఓ బొటనవేలు బొమ్మ పంపి ఊరుకుంటావు, అందుకే ఉత్తరం.

పొద్దున్నే యోగా అవగానే మ్యాట్‌ని ఆ చెమట తడితోనే చుట్టి, సంచిలో దూర్చి, జిప్పు లాగి ఆఫీసుకి పరుగెడతావు కదా. ఆ తడి ఎటు పోవాలి? మీ విశాఖలో ఈ నెలల్లో దండెం మీద వేసిన తువ్వాలే ఓ పట్టాన ఆరదు. అసలు చెమటకి అంత వాసన ఉండదే. దాన్ని తిని బతికే సూక్ష్మజీవుల వల్ల వచ్చేదే ఆ కంపంతా. వాటికి కావలసిన తడి, వెచ్చదనం, గాలాడని చోటు మూడూ నీ సంచిలో దొరుకుతున్నాయి. కాబట్టి నువ్వు ఎక్కువసార్లు కడగడం మొదలుపెడితే మేలు జరగదు, ఎక్కువసేపు ఆరబెడితే జరుగుతుంది. యోగా అయ్యాక గుడ్డని తడిపి గట్టిగా పిండి, మ్యాట్ మీద ఒకసారి తుడువు. కుర్చీ వీపు మీదో మంచం కమ్మీ మీదో వేసి, ఫ్యాన్ వేసి స్నానానికి వెళ్లు. వచ్చేసరికి ఆరితే చుట్టు. ఆరకపోతే అలాగే వదిలేసి ఆఫీసుకి పో. నీ గదిలో పక్క మంచం అమ్మాయి విసుక్కుంటుందంటావా, కంపు కన్నా అది నయం.

ఇంకో కారణం కూడా ఉందని నా అనుమానం. 2025 జూన్ 21న యోగా దినోత్సవానికి ఆర్కే బీచ్ నుంచి భోగాపురం వైపు బారులు తీరిన లక్షల మందిలో నువ్వూ ఇదే మ్యాట్ వేసుకు కూర్చున్నావు. ఆ తర్వాత కూడా ఆదివారాలు బీచ్‌కి మోసుకెళుతూనే ఉన్నావు. సముద్రపు ఉప్పుకి గాలిలోని చెమ్మని లాక్కునే గుణం ఉంది. వానాకాలంలో మన ఉప్పు జాడీ చెమర్చేదీ అందుకే. ఆ ఉప్పు మ్యాట్‌కి అంటుకుని ఉన్నంతకాలం నువ్వెంత ఫ్యాన్ వేసినా అది మళ్లీ చెమ్మగిల్లుతూనే ఉంటుంది. బీచ్ నుంచి రాగానే ముందు ఆరనివ్వు, తడి ఇసుక దులిపితే రాలదు. ఆరాక దులిపి, మంచినీళ్ల గుడ్డతో రెండు వైపులా తుడువు. ఇసుకతోనే చుట్టేశావా, ఆ రేణువులు గరుకు కాగితంలా పైపొరని గీకేస్తాయి.

ఇక కడగడం. నీ మ్యాట్ దేనితో చేసిందో ముందు చూసుకో. పీవీసీ, టీపీఈ రకాలు చెమటని లోపలికి పీల్చవు, పైపైనే ఉంచుతాయి, తుడిస్తే పోతుంది. సహజ రబ్బరు మ్యాట్ బరువుగా ఉంటుంది, కొత్తలో టైర్ల కొట్టు వాసన వేస్తుంది, అందులో చాలా రకాలు తడిని పీల్చుకుంటాయి. అలాంటిదాన్ని బకెట్లో నానబెడితే లోపలికెళ్లిన నీరు రోజుల తరబడి బయటికి రాదు, ఈలోగా బూజు పడుతుంది. వాషింగ్ మెషిన్ జోలికి మాత్రం ఏ రకాన్నీ తీసుకెళ్లకు, తిప్పుడికి చిరిగిపోతుంది.

నెలకోసారి మగ్గు నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు మూడు చుక్కలు వేసి, మెత్తటి గుడ్డతో రుద్దు. ఆ తర్వాత ఉత్త నీళ్ల గుడ్డతో ఒకటికి రెండుసార్లు తుడువు. మన ఇళ్లలో నురగ రాకపోతే శుభ్రమైనట్టు కాదనుకుంటారు, అదో పిచ్చి. సబ్బు కాస్త మిగిలినా మ్యాట్ జారుతుంది. అధోముఖ శ్వానాసనంలో చేతులు ముందుకి జారిపోతున్నాయని నేను యోగా నేర్పే క్లాసులో ఫిర్యాదు చేసేవాళ్లని ‘మ్యాట్ ఎప్పుడు కడిగావమ్మా?’ అని అడుగుతాను. ‘నిన్ననే’ అంటారు చాలామంది. కడిగాక దాని మీద పొడి తువ్వాలు పరిచి, రెండూ కలిపి చుట్టి, ఆ చుట్ట మీద ఈ కొస నుంచి ఆ కొసకి నడువు. ఉన్న నీరంతా తువ్వాలులోకి దిగుతుంది. తర్వాత నీడలో వెయ్యి. ఎండలో వేస్తే రబ్బరు పెళుసెక్కి బీటలు తీస్తుంది. సన్నటి తాడు మీద వేస్తే నడుమ గీత పడుతుంది, క్లిప్పులు పెడితే వాటి పళ్లు దిగుతాయి. బాల్కనీ గోడ మీద దుప్పటి వేసి దాని మీద పరవడం మేలు.

డెట్టాలు, ఫినాయిలు, బ్లీచింగ్ పౌడరు వద్దు. రబ్బరు మ్యాట్‌కి వెనిగర్, సువాసన నూనెలు కూడా వద్దు. నూనె పడితే రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. ఆ మాటకొస్తే మనవాళ్ల మ్యాట్లకి చెమట కన్నా పెద్ద శత్రువు కొబ్బరినూనె. మా హాల్లో మ్యాట్లు పరిస్తే ఎవరి తల ఎటు పెడతారో చూడగానే తెలిసిపోతుంది. ఒక కొసన అరచెయ్యంత నల్లటి జిడ్డు మచ్చ, దానికి అంటుకున్న దుమ్ము, రెండు వెంట్రుకలు. శవాసనం వేసే ముందు తల కింద పల్చటి నూలు తువ్వాలు వేసుకో. కాళ్లకి క్రీము రాసుకునే అలవాటుంటే అది యోగా అయ్యాకే. కాళ్లు కడుక్కుని, తుడుచుకుని మ్యాట్ ఎక్కు.

శ్రావణంలో ఇంకో తమాషా ఉంటుంది. శుక్రవారం కాళ్లకి పసుపు రాసుకుని, శనివారం పొద్దున్నే క్లాసుకి వస్తారు. మ్యాట్ మీద పచ్చటి పాదాలు, అయిదు వేళ్లతో సహా. ఒకావిడ ఇంటికెళ్లి బట్టల సబ్బుతో రుద్దిందట, పసుపు మరక కాస్తా ఎర్రగా తిరిగింది. రంగు దిగిపోతోందనుకుని బెదిరిపోయి నాకు ఫోను చేసింది. పసుపులో సున్నం కలిపితే కుంకుమ అవుతుంది కదా, బట్టల సబ్బులోని క్షారంతోనూ అదే జరిగింది. ఉత్త నీళ్లతో తుడిస్తే ఆ ఎరుపు తగ్గిపోతుంది. మిగిలిన పసుపు వెలుతురుకి తనంతట తనే వెలిసిపోతుంది. ఈ ఒక్క మరక కోసం మాత్రం పొద్దుటి లేత ఎండలో ఓ అరగంట ఉంచు, అంతకు మించి వద్దు.

నీ మ్యాట్ ఎవరికీ ఇవ్వకు, ఎవరిదీ తీసుకోకు. మొహమాటపడకు. తామర చెమ్మ ఉన్నచోట ఒకరి ఒంటి నుంచి ఇంకొకరికి ఇట్టే పాకుతుంది. జిమ్ములో అందరికీ వాడే మ్యాటే దిక్కయితే మీద నీ గుడ్డ పరుచుకో. ఒంటి మీద గుండ్రటి దురద మచ్చ కనబడితే మందుల షాపువాడిచ్చే స్టెరాయిడ్ కలిసిన ట్యూబు రాసుకోకు. దురద తగ్గినట్టే ఉంటుంది, తామర మాత్రం మొండికేస్తుంది. చర్మ డాక్టరు దగ్గరికి వెళ్లు.

గుడ్డ అన్నాను గనుక చెబుతున్నా, నీకు చెమట ఎక్కువ కాబట్టి మ్యాట్ మీద ఓ నూలు జంపఖానా పరుచుకోవడం అన్నిటికన్నా హాయి. మైసూరులో పట్టాభి జోయిస్ గారి పద్ధతి నేర్చుకునేవాళ్లు ఇలా నూలు రగ్గు వాడతారు. గీత ఆరో అధ్యాయంలో ధ్యానానికి కూర్చునే ఆసనం గురించి చెప్పినచోట కూడా శుచి అయిన చోటు, దర్భలు, జింక చర్మం, వస్త్రం ఉన్నాయి. వ్యాఖ్యాతలు అడుగున దర్భలనీ అన్నిటికీ పైన వస్త్రమనీ వరస చెబుతారు. ఒంటికి తగిలేది ఉతుక్కోదగ్గ బట్ట అన్నమాట! ఈ జిగురు మ్యాట్లు మొన్నమొన్నటివి. ఏంజెలా ఫార్మర్ అనే యోగా టీచరు జర్మనీలో తివాచీ కింద వేసే పొరని కత్తిరించి వాడటంతో మొదలైన సంగతి అది. జంపఖానా కొనాలనుకుంటే వరంగల్ కొత్తవాడవి చూడు. 2018లో వాటికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పీచు గట్టిది. మొదటి ఉతుకు మాత్రం విడిగా వెయ్యి, రంగు దిగచ్చు.

చుట్టేటప్పుడు నువ్వు కూర్చునే వైపు బయటికి వచ్చేలా చుట్టు. పరిచినప్పుడు కొసలు పైకి లేవకుండా నేలకి అతుక్కుని ఉంటాయి. చుట్టని శుభ్రమైన చోట నిలబెడితే చాలు. స్కూటీ డిక్కీలో వదిలెయ్యకు, ఆ వేడికి జిగురు తేలుతుంది.

ఇవన్నీ ఓ రెండు వారాలు చేసి చూడు. అప్పటికీ వాసన పోకపోయినా, మోకాలి కింద నేల గట్టిగా తగులుతున్నా, గీకితే పొడి రాలుతున్నా అప్పుడు కొత్తది కొను. పాతది చెత్తబండికి వెయ్యకు. బాగా ఆరబెట్టి, నాలుగు ముక్కలు కోసి మీ అమ్మకి పంపు. పిండి రుబ్బేటప్పుడు గ్రైండరు గట్టు మీద నడుచుకుంటూ పోతోందని తను రోజూ నా దగ్గర మొరపెట్టుకుంటోంది.

ఇట్లు,
పెద్దమ్మ