వైఫై గుర్తు ఉంది, నెట్ రావడం లేదు

సాయంకాలం నడిచే చదువు గదులకు ఒకప్పుడు దాతలు బెంచీలు, ఫ్యాన్లు, గైడ్లు ఇచ్చేవారు. ఇప్పుడు రౌటర్లు, స్మార్ట్‌ఫోన్లు ఇస్తున్నారు, నెలనెలా నెట్ బిల్లు కూడా కడుతున్నారు. ఇది అవసరమైన సాయమే. స్కాలర్‌షిప్ దరఖాస్తు నుంచి ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్ల దాకా అన్నీ ఫోన్‌లోనే నింపాల్సి వస్తోంది. గడువు చివరి రాత్రి ఆప్షన్లు సేవ్ కాకముందే వైఫై పోతే, ఆ పిల్లకు రావాల్సిన సీటు ఇంకొకరికి వెళ్లవచ్చు. అందుకే వైఫై మాటిమాటికీ తెగిపోతోందని తెలియగానే ఎవరో ఒక దాత "కొత్త రౌటర్ కొనిస్తాను" అంటారు. మంచి మనసుతో అన్న మాటే. అయితే కొనడానికి ముందు లోపం ఎక్కడుందో తెలుసుకోవాలి. అది తెలుసుకునే పద్ధతిని ఇక్కడ ఒక పాఠంలా చెప్పుకుందాం.

ఫోన్ తెర పైన విసనకర్రలా కనిపించే గుర్తుకు అర్థం ఒక్కటే: ఫోన్‌కూ రౌటర్‌కూ మధ్య సంబంధం కుదిరింది. రౌటర్‌కు బయటి నుంచి నెట్ వస్తోందని ఆ గుర్తు చెప్పదు. ఇంట్లో కుళాయికీ మేడ మీద ట్యాంకుకీ మధ్య పైపు బాగుంటే సరిపోదు కదా, ట్యాంకులోకి నీళ్లు రావాలి. ఇక్కడా అంతే. ఫోన్ నుంచి రౌటర్ దాకా గాలిలో రేడియో తరంగం, రౌటర్ నుంచి కంపెనీ దాకా తీగ, అక్కడి నుంచి మనం తెరిచే వెబ్‌సైట్ దాకా మిగతా దారి. ఈ మూడింటిలో ఎక్కడ తెగినా పిల్లలు అనేది "వైఫై రావట్లేదు సార్" అనే ఒక్క మాటే.

కాబట్టి మేము మొదట మూడు ప్రశ్నలు అడుగుతాం. ఎవరికి రావడం లేదు? ఎక్కడ? ఎప్పుడు?

గదిలో ఉన్న ఫోన్లన్నింటికీ ఒకేసారి ఆగిపోతే ఫోన్ల జోలికి పోవద్దు. రౌటర్ దీపాలు చూడాలి. ఫైబర్ కనెక్షన్ అయితే ఎల్‌ఓఎస్ అని రాసి ఉన్న దీపం ఎర్రగా వెలుగుతోందేమో గమనించాలి. వెలుగుతుంటే బయటి నుంచి కాంతి సంకేతం అందడం లేదని అర్థం. తీగ వంగి ఉండవచ్చు, ఎక్కడో తెగి ఉండవచ్చు. అప్పుడు రౌటర్‌ను పదిసార్లు ఆపి వేసినా లాభం లేదు, కంపెనీకి ఫిర్యాదు చేయాల్సిందే. దీపాలన్నీ ఒక్కసారిగా ఆరిపోయి మళ్లీ వెలుగుతుంటే కరెంటు వైపు చూడాలి. అడాప్టర్ వదులుగా ఉన్నా, పాతదై బలహీనపడినా రౌటర్ దానంతట అదే ఆగి మళ్లీ మొదలవుతుంది. కరెంటు ఒక్క క్షణం పోయి వచ్చినా రౌటర్ తిరిగి లేచి నెట్ అందుకోవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. ఇలాంటి చోట కావలసింది కొత్త రౌటర్ కాదు, రౌటర్‌కు సరిపోయే చిన్న యూపీఎస్. చాలా రౌటర్లు 12 వోల్టులతో నడుస్తాయి. అడాప్టర్ మీద రాసి ఉన్న వోల్టులు, ఆంపియర్లు చూసుకుని కొనాలి.

ఒక మూలన కూర్చున్నవారికే రాకపోతే అది దూరం, గోడల సంగతి. తీగ వేసే మనిషి తనకు సులువుగా ఉంటుందని వీధి కిటికీ పక్కనే రౌటర్ బిగించి పోతాడు. పిల్లలు చదివేది వెనక గదిలో. మధ్యలో రెండు గోడలు, ఒక ఇనుప బీరువా. మేము చూసిన ఒక చదువు గదిలో రౌటర్‌ను బీరువా వెనక నుంచి తీసి గది మధ్య గోడకు తలకన్నా ఎత్తున బిగించారు. దాంతోనే సగం ఫిర్యాదులు ఆగిపోయాయి. అందుకైన ఖర్చు పది మీటర్ల తీగ.

రౌటర్ రెండు పేర్లతో వైఫై ఇస్తుంటే వాటి తేడా కూడా పిల్లలకు చెప్పాలి. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం దూరం పోతుంది, గోడలను కొంత మేరకు దాటుతుంది, కానీ వేగం తక్కువ. పక్కిళ్ల రౌటర్లు, బ్లూటూత్, మైక్రోవేవ్ పొయ్యి అన్నీ ఆ దారిలోనే తిరుగుతాయి. 5 గిగాహెర్ట్జ్‌కు వేగం ఎక్కువ, గోడ అడ్డొస్తే త్వరగా నీరసిస్తుంది. రౌటర్ ఉన్న గదిలో 5, వెనక గదిలో 2.4 వాడుకోవడం మేలు. దానంగా వచ్చిన పాత ఫోన్లలో కొన్నింటికి 5 అసలు కనిపించదు. అది ఫోన్ చెడిపోవడం కాదు. అపార్ట్‌మెంట్లలో 2.4 మరీ కిక్కిరిసి ఉంటే రౌటర్ సెట్టింగ్స్‌లో ఛానల్ మార్చవచ్చు. ఒకదానితో ఒకటి తగలని ఛానళ్లు 1, 6, 11.

ఇక ఒకే ఫోన్‌కు ఇబ్బంది అయితే పని ఆ ఫోన్‌లోనే ఉంది. ముందుగా తేదీ, సమయం చూడండి. ఇది చాలామందికి తట్టదు. బ్యాటరీ పూర్తిగా అయిపోయి తేదీ తప్పుగా మారిన ఫోన్‌లో వైఫై కలిసినా సురక్షిత వెబ్‌సైట్లు తెరుచుకోవు, భద్రత లేదని హెచ్చరిక వస్తుంది. ఆ తర్వాత వీపీఎన్ ఏదైనా నడుస్తోందా, ప్రైవేట్ డీఎన్‌ఎస్ దగ్గర ఎవరైనా ఏదైనా రాసి పెట్టారా చూడాలి. ప్రకటనలు రాకుండా చేస్తామని స్నేహితులు పెట్టి ఇచ్చిన సెట్టింగ్ ఇది. ఆ సర్వర్ పలకకపోతే నెట్ మొత్తం ఆగిపోతుంది. దాన్ని ఆటోమేటిక్‌కు మార్చితే చాలు. తెర ఆరగానే వైఫై తెగిపోతుంటే బ్యాటరీ సేవర్‌ను అనుమానించాలి.

పాస్‌వర్డ్ మార్చిన తర్వాత పాత ఫోన్ పాత పాస్‌వర్డ్‌తోనే ప్రయత్నిస్తూ ఉంటుంది. ఫర్గెట్ నెట్‌వర్క్ నొక్కి మళ్లీ కలపాలి. నెట్‌వర్క్ సెట్టింగ్స్ రీసెట్ మాత్రం ఆఖరి మందు. అది ఫోన్‌లో దాచిన వైఫై పాస్‌వర్డులన్నీ, బ్లూటూత్ జతలన్నీ తుడిచేస్తుంది. ఇంటి పాస్‌వర్డ్ ఎవరికీ గుర్తులేని పిల్లవాడి ఫోన్‌లో మనం అది నొక్కితే వాడి ఇంట్లో కొత్త సమస్య మొదలవుతుంది.

హాస్టళ్లలో, కాలేజీల్లో ఇంకో చిక్కు ఉంది. అనుమతి ఉన్న ఫోన్ల మ్యాక్ అడ్రస్‌లు రాసుకుని వాటినే లోపలికి రానిచ్చే ఏర్పాటు కొన్ని చోట్ల ఉంటుంది. ఆండ్రాయిడ్ 10 నుంచి, ఐఫోన్లలో ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు తమ అసలు అడ్రస్ దాచి ఒక మారు అడ్రస్ చూపిస్తున్నాయి. మన గుట్టు కాపాడటానికి పెట్టిన మంచి ఏర్పాటే. కానీ ఫోన్ మారినా మారకపోయినా అక్కడి రౌటర్‌కు అది కొత్త ముఖంలా కనిపిస్తుంది. అలాంటి చోట ఆ ఒక్క నెట్‌వర్క్‌కు మాత్రం ఫోన్ అసలు మ్యాక్ వాడేలా మార్చుకోవాలి.

ఎప్పుడు అన్న ప్రశ్నకు జవాబు "రాత్రి 7 దాటాక" అని వస్తే గుంపు సంగతి ఆలోచించాలి. ఇంటి కోసం తయారైన చిన్న రౌటర్ మీద ముప్పై నలభై ఫోన్లు పడితే అది తట్టుకోలేదు. ఫోన్ తెర మీద "ఐపీ అడ్రస్ పొందుతోంది" అనే మాట దగ్గరే ఆగిపోతుంటే రౌటర్ దగ్గర పంచడానికి అడ్రస్‌లు అయిపోయి ఉండవచ్చు. ఎన్ని అడ్రస్‌లు పంచాలి, ఒక్కొక్కటి ఎంతసేపు ఉంచాలి అన్నది రౌటర్ సెట్టింగ్స్‌లో మార్చవచ్చు. నిజంగా పెద్ద రౌటర్ కొనాల్సిన సందర్భం ఏదైనా ఉంటే ఇదే. దాత డబ్బు ఇక్కడ పెడితే వృథా కాదు.

వైఫై మీద పడే నిందల్లో కొన్ని దానివి కావు. కడప, నిజామాబాద్ వైపు ఎన్నో ఇళ్లలో తండ్రి గల్ఫ్‌లో ఉంటాడు. అబ్బా కాల్ కలవడం లేదని ఇక్కడ రౌటర్ ఆపి వేస్తూ ఉంటారు. యూఏఈలో వాట్సాప్ సందేశాలు వెళ్తాయి కానీ కాల్స్‌కు అక్కడ ఆంక్షలున్నాయి. అక్కడ అనుమతి ఉన్న యాప్ వేరే వాడాలి. అలాగే ఓటీపీ. అది మామూలు సందేశంగా సిమ్ సిగ్నల్ మీద వస్తుంది. వైఫై ఎంత బలంగా ఉన్నా సిగ్నల్ లేని వెనక గదిలో ఓటీపీ రాకపోవచ్చు. పిల్లను ఫోన్‌తో వాకిట్లోకి పంపాలి.

రౌటర్ పక్కన ఒక నోటుబుక్కు వేలాడదీయమని మేము చెబుతున్నాం. నెట్ పోయినప్పుడల్లా తేదీ, సమయం, ఏ గది, ఎన్ని ఫోన్లు, దీపాల రంగు ఒక్క వరుసలో రాయాలి. పదిహేను రోజుల రాత చూస్తే పైన చెప్పిన వాటిలో ఏదో తేలిపోతుంది, కంపెనీ మనిషి వచ్చినప్పుడు "ఇప్పుడు బాగానే ఉంది కదా" అని తప్పించుకోలేడు. రౌటర్ ఇవ్వదలచిన దాత కూడా ముందు ఆ పుస్తకం అడిగి చూడవచ్చు. వెబ్ ఆప్షన్ల చివరి మూడు రోజులు మాత్రం ఈ పరిశోధన పక్కన పెట్టి, డేటా ఉన్న ఒక ఫోన్‌లో హాట్‌స్పాట్ వేసి, దాని పేరు, పాస్‌వర్డ్ బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంచాలి.