ఆన్‌లైన్ మీటింగ్: పిలిచినవారిదే పెద్ద బాధ్యత

ఆన్‌లైన్ మీటింగ్ మర్యాద అనగానే చాలామందికి కెమెరా, చొక్కా, వెనకున్న గోడ గుర్తొస్తాయి. అవీ చూసుకోవాల్సినవే. వాటికంటే ముందు చూసుకోవాల్సింది ఎదుటివారి సమయం. ఆ బాధ్యతలో పెద్ద వాటా మీటింగ్ పెట్టినవారిదే.

పిలిచే ముందు

పదిమందిని గంటసేపు కూర్చోబెడితే పది గంటల పని ఆగినట్టే. ఒక మెయిల్‌తో తేలిపోయేదానికి మీటింగ్ పెట్టకండి. తప్పదంటే, ఇన్విటేషన్‌లో ‘ప్రాజెక్ట్ డిస్కషన్’ అని రాసి వదిలేయకుండా తేల్చాల్సిన విషయం రాయండి: ‘పేమెంట్ గేట్‌వే పని ఆలస్యమవుతోంది. రిలీజ్ రెండు వారాలు వాయిదా వేద్దామా, ఆ ఫీచర్ లేకుండానే ఇచ్చేద్దామా?’ ఇది చదివినవాళ్లు వివరాలు చూసుకుని మరీ వస్తారు. సంబంధం లేనివాళ్లు ముందే చెప్పి తప్పుకుంటారు.

విదేశీ క్లయింట్లుంటే గడియారం సంగతి మరవొద్దు. న్యూయార్క్‌లో ఉదయం 10 అంటే వాళ్ల వేసవిలో మనకు సాయంత్రం 7.30, చలికాలంలో రాత్రి 8.30. అక్కడ వేసవి వేళకు గడియారాలు మార్చి నెల రెండో ఆదివారం మారితే, లండన్‌లో మార్చి చివరి ఆదివారం మారతాయి. ఆ మధ్య రోజుల్లో మూడు దేశాల మీటింగులు తారుమారవుతుంటాయి. అందుకే ఇన్విటేషన్‌లో అన్ని చోట్ల సమయాలూ రాయండి. ప్రతిసారీ హైదరాబాద్ టీమే భోజనాల వేళ కూర్చోవాల్సి వస్తుంటే, వంతులవారీగా వేళ మార్చమని క్లయింటును అడగండి. అందులో తప్పేం లేదు.

మాట్లాడేటప్పుడు

మాట నెట్‌లో అవతలికి చేరడానికి కొంత సమయం పడుతుంది. ఆ ఆలస్యం ఒకవైపు 150 మిల్లీసెకన్ల లోపుంటే సంభాషణకు పెద్దగా ఇబ్బంది ఉండదని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ ప్రమాణాలు చెబుతున్నాయి. అది బాగా పెరిగితే ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టి, ఇద్దరూ ‘మీరు చెప్పండి’ అంటూ ఆగిపోతారు. కాబట్టి అవతలివారు ఆపాక ఒక్క క్షణం ఆగి మాట్లాడండి. ఎక్కువమంది ఉంటే ‘రైజ్ హ్యాండ్’ వాడండి. మాట్లాడనప్పుడు మ్యూట్‌లో ఉండండి. జూమ్‌లో అయితే స్పేస్‌బార్ నొక్కి పట్టుకున్నంతసేపూ మైక్ తెరుచుకుంటుంది.

‘ఎనీ డౌట్స్?’ అంటే ఎవరూ పలకరు. పెద్దవాళ్ల ముందు నోరు తెరవడానికి కొత్తగా చేరినవాళ్లు మరీ సంకోచిస్తారు. పేరు పెట్టి పిలిచి, ‘టెస్టింగ్ మీరే చూస్తున్నారు కదా, శుక్రవారానికి అవుతుందా?’ అని అడగండి. మేనేజర్ తన అభిప్రాయాన్ని చివర్లో చెబితే మిగతావాళ్లు ధైర్యంగా మాట్లాడతారు. చెన్నై, పుణె సహోద్యోగులు ఉన్నప్పుడు మనలో మనం తెలుగులోకి వెళ్లిపోతే వాళ్లు పరాయివాళ్లైపోతారు. తప్పనిసరై మాట్లాడితే, దాని సారాంశం వెంటనే అందరికీ చెప్పండి.

కెమెరా మొదట్లో, మీరు మాట్లాడేటప్పుడు ఆన్‌లో ఉంటే చాలావరకు సరిపోతుంది. రోజంతా తెరమీద మన ముఖం మనమే చూసుకోవడం, కదలకుండా కూర్చోవడం అలసటకు కారణాలని స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ జెరెమీ బెయిలెన్సన్ 2021లో వివరించారు. ఒక్క గదిలో ఇల్లంతా సర్దుకునే ఉద్యోగిని కెమెరా కోసం బలవంతపెట్టకండి.

స్క్రీన్ షేర్ చేసేటప్పుడు మొత్తం డెస్క్‌టాప్ కాకుండా కావాల్సిన విండో మాత్రమే చూపించండి. లేదంటే ఇంటినుంచి వచ్చిన వాట్సాప్ మెసేజ్, బ్యాంకు ఓటీపీ కూడా క్లయింటు కంట పడతాయి. రికార్డింగ్ గానీ, ఏఐ నోట్స్ గానీ మొదలుపెట్టేముందు అందరినీ అడగండి.

ముగించేటప్పుడు

అనుకున్న వేళకు ఐదు నిమిషాల ముందే ముగించండి. తర్వాతి కాల్‌కి వెళ్లేవాళ్లు మంచినీళ్లు తాగేంత వ్యవధి దొరుకుతుంది. అదే రోజు గ్రూపులో మూడు విషయాలు పెట్టండి: ఏం తేలింది, ఎవరు చేయాలి, ఎప్పటికి. ఆ మెసేజ్ స్పష్టంగా ఉంటే, రాలేకపోయినవాళ్ల కోసం మళ్లీ మీటింగ్ పెట్టాల్సిన పని ఉండదు.