మృత్తికలోని సూక్ష్మజీవులు – ప్లాస్మిడ్‌లు

సిద్దిపేట చెలకలలోని యెఱ్ఱమన్ను ఒక గ్రాము తీసికొన్నచో దానియందు కోట్లకొలది బాక్టీరియాలుండును. వీని లక్షణములను నిర్ణయించు జీన్లు చాలవరకు క్రోమోజోమునందే యున్నవి. కాని పెక్కు బాక్టీరియాలయందు దానికి వేరుగా, తరచు ఉంగరమువలె చుట్టుకొనిన చిన్న డి.ఎన్.ఏ. తునుకలు గలవు. వీనికి 1952లో జాషువా లెడర్‌బర్గ్ ప్లాస్మిడ్‌లని పేరిడెను.

కొన్ని ప్లాస్మిడ్‌లు సంతానమునకే గాక, ప్రక్కనున్న యన్యజాతి బాక్టీరియాకును సంక్రమించును. రెండు కణములు కలిసికొన్నపుడు ఒక్క పోగు మాత్రమే అవతలికి బోవును. పిమ్మట రెండు చోట్లను రెండవ పోగు నిర్మింపబడును. కావున నిచ్చినదానికి లోటు లేదు. ఇచ్చినకొలది తరుగని ధనమని విద్యను గూర్చి చెప్పుదుము గదా, ఇదియు నట్టిదే.

బుడిపెల సంగతి యేమని విద్యార్థులు మమ్మడుగుదురు. బఠానీ వేళ్లలోని రైజోబియమునకు ఆ జీన్లు ప్లాస్మిడ్‌నందున్నవి. మన కందితో గూడు బ్రాడీరైజోబియమునకు సాధారణముగా క్రోమోజోమునందే.

అనంతపురము పొలములలో నింతకంటె వింతయైన నిదర్శనము దొరికినది. మిథైల్ పారథియాన్ అను పురుగుమందును (2018లో మన దేశమున నిషేధింపబడినది) విరుగగొట్టు ఫ్లేవోబాక్టీరియం బలూస్టినం అను జీవి అచ్చట లభించెను. ఆ శక్తి ప్లాస్మిడ్‌నుండి వచ్చినదని దయానంద సిద్దవట్టము, ఆయన తోడి పరిశోధకులొకరు 1995లో ప్రకటించిరి. ఫిలిప్పైన్స్ వరిమడిలో అంతకు పూర్వమే దొరికిన మరియొక జీవియందును ఇదే జీను గలదు. ప్లాస్మిడ్‌లు మాత్రము వేరువేరు! అనగా జీను ఒక ప్లాస్మిడ్‌నుండి మరియొకదానికి దుముకుచున్నదన్నమాట. ఈ జాతి మందులు పుట్టి నూరేండ్లయినను కాలేదు.

సిద్దిపేటయు, పటాన్‌చెరువును 2016 వరకు మెదకు జిల్లాలోనివే. అచ్చటి ఔషధ కర్మాగారముల మురుగును శుద్ధిచేయు కేంద్రమునుండి వెడలు నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు నున్నదని 2007లో స్వీడన్ పరిశోధకులు తెలిపిరి. ఆ నీరు కలియు వాగు అడుగుమన్నులో ఔషధములకు లొంగని గుణమునిచ్చు జీన్లును, వానిని మోయు ప్లాస్మిడ్‌లును విస్తారముగా నున్నట్లు 2011లో వెల్లడియైనది. పురుగుమందును హరించు గుణము వచ్చిన త్రోవనే యిదియు వచ్చినది.

ప్లాస్మిడ్‌ను మోయుట బాక్టీరియాకు భారమే గనుక, మందు లేనిచోట కొన్ని దానిని విడిచిపెట్టును. అయితే కొన్ని ప్లాస్మిడ్‌లు విషమును, దాని విరుగుడును గూడ కల్పించును. ప్లాస్మిడ్ పోయిన కణమున విరుగుడు ముందుగా నశించి, మిగిలిన విషము దానిని జంపును, లేదా యెదుగనీయదు. అందువలన మురుగు నిలిచిన వెంటనే అవి మన్నును విడిచిపోవు.