బ్రాయిలరు కోళ్ల దాణాలో మొక్కజొన్నకు బదులు ఏమి వేయవచ్చును?

మొక్కజొన్న ధర పెరిగినప్పుడెల్ల, సొంతముగా దాణా కలుపుకొను సభ్యులు నన్నడుగు ప్రశ్న యొక్కటే: "దీనిని మాని చౌకైన వేఱొక గింజ పెట్టవచ్చునా అండీ?" పెట్టవచ్చును. అయితే బస్తాకు బస్తా మార్చినయెడల నష్టము తప్పదు. కంపెనీ ఒప్పందముపై పెంచువారికి దాణా కంపెనీయే పంపును గావున ఈ వ్యాసము వారికొఱకు కాదు.

బ్రాయిలరు దాణాలో సాధారణముగా సగమునకు పైగా మొక్కజొన్నయే యుండును. కిలో మొక్కజొన్నవలన కోడికి సుమారు 3,350 కిలోకేలరీల శక్తి లభించును. మాంసకృత్తులు నూటికి 8 లేక 9 పాళ్లు. 2023 డిసెంబరులో చెఱకు రసమునుండి ఇథనాలు తీయుటపై కేంద్రప్రభుత్వము ఆంక్ష విధించిన పిమ్మట, ఇథనాలు కర్మాగారములకు మొక్కజొన్న విశేషముగా పోసాగెను. కోడికిని మోటారుకారుకును ఒకే గింజకై పోటీ యేర్పడినది.

ధాన్యము కొనునపుడు కిలో ధరను మాత్రమే చూడరాదు. రూపాయికి ఎంత శక్తి వచ్చునో లెక్క కట్టవలెను. మొక్కజొన్న కిలో 25 రూపాయలు, నూకలు 23 రూపాయలు అనుకొందము. కిలో నూకలలో శక్తి సుమారు 3,000. అనగా రూపాయికి మొక్కజొన్నవలన 134, నూకలవలన 130 కిలోకేలరీలు వచ్చును. రెండు రూపాయలు చౌకయని తోచిన నూకలే నిజమునకు ప్రియము! అవి 22 రూపాయలకు దిగినపుడు గాని మనకు లాభము లేదు.

ఈ నూకల విషయమున నా తప్పొకటి చెప్పుకొనవలెను. ఒక సభ్యునికి మొక్కజొన్నను పూర్తిగా మాని నూకలు వేయుమని సలహా ఇచ్చితిని. కోళ్లు తూకమునకు చక్కగానే వచ్చెను గాని వాని కాళ్లు తెల్లబాఱెను. బేరగాడు వానిని జబ్బుకోళ్లని చెప్పి ధర తగ్గించెను. పసుపుపచ్చని రంగు నిచ్చు పదార్థము మొక్కజొన్నలో నున్నది, నూకలలో లేదు. అంతియే గాని దానివలన మాంసమునకు లోపమేమియు లేదు. నేనీ సంగతి ముందుగా చెప్పియుండినచో ఆ రైతు బేరములో గట్టిగా నిలువగలిగి యుండెడివాడు. అప్పటినుండి సగమునకు మించి మార్చుమని ఎవరికిని చెప్పుట లేదు. మొక్కజొన్న తగ్గించినపుడు ఏ-విటమిను దాణాలో చాలినంత కలియుచున్నదో లేదో కూడ చూచుకొనవలెను.

తెల్లజొన్నలు శక్తిలో మొక్కజొన్నకు ఇంచుమించు సమానము. ఎఱ్ఱజొన్నలలో కొన్ని రకములయందు టానిను అను వగరు పదార్థముండి మాంసకృత్తులను సరిగా జీర్ణము కానీయదు. గింజలను నోట వేసికొని నమలి, వగరు తోచినచో విడిచిపెట్టుడు. సజ్జలలో మాంసకృత్తులు నూటికి 11, 12 పాళ్లున్నవి గాని శక్తి కొంత తక్కువ. గింజ చిన్నది, గట్టిది, మరపట్టియే వేయవలెను. తేనెబంక తెగులు సోకి నల్లని పలుకులు కలిసిన సజ్జలను కొనరాదు. రాగులలో శక్తి ఇంకను తక్కువ.

తవుడు మన కందఱకును అందుబాటులో నున్నదే. నూనె తీయని తవుడులో శక్తి బాగుగ నుండును గాని మిల్లునుండి వచ్చిన కొలది దినములలోనే కమరువాసన పట్టును. తాజాది దొరికిననే నూటికి పది కిలోలకు మించకుండ కలుపవచ్చును. నూనె తీసిన తవుడు నిలువయుండును గాని బ్రాయిలరుకు చాలినంత శక్తి నీయదు.

సామర్లకోట, పెద్దాపురము ప్రాంతములవారు కఱ్ఱపెండలమునుగూర్చి అడుగుదురు. పచ్చి దుంపలో సయనైడు విషమున్నది. ముక్కలు కోసి బాగుగ ఎండబెట్టినచో అది చాలవఱకు పోవును. దానిలో మాంసకృత్తులు నూటికి రెండు మూడు పాళ్లే. నూఱు కిలోల దాణాలో 20 కిలోల మొక్కజొన్న తీసి ఈ చిప్స్ వేసినచో మాంసకృత్తులు కిలోకు పైగా తగ్గును. ఆ లోటు తీర్చుటకు సోయా చెక్క రెండు మూడు కిలోలు అదనముగా కావలెను. ఆ ఖర్చును లెక్కలో వేసికొనని చౌక చౌక కాదు.

ఇథనాలు తీయగా మిగిలిన పిప్పియు నిపుడు విక్రయమగుచున్నది. ఇది మాంసకృత్తుల సరకు. మొక్కజొన్నకు బదులు కాదు, సోయాలో కొంత భాగమునకు బదులు. గింజలోని పిండిపదార్థము పోవుటచే, బూజువలన కలిగిన విషము పిప్పిలో సుమారు మూడింతలగును. బూజును తేలికగా తీసికొనరాదు. 1960లో ఇంగ్లండులో బూజు పట్టిన వేరుసెనగ చెక్క తిని లక్షకు పైగా సీమకోళ్లు చచ్చెను. అఫ్లాటాక్సిన్ అను విషము ఆ విచారణవలననే బయటపడినది. తడి తగిలిన గింజ ఏదైనను, ఎంత చౌకయైనను, కొట్టములోనికి రానీయకుడు.

క్రొత్త దాణాను ఒక్కసారిగా మార్చక, వారము దినములలో కొంచెము కొంచెముగా కలుపుచు రండు. మొదట ఏబది కోళ్లకు వేఱుగా పెట్టి, తిన్న దాణాను, పెరిగిన తూకమును వారమువారము పుస్తకములో వ్రాయుడు. నేను మీ గ్రామమునకు వచ్చినపుడు ఆ పుస్తకము చూపినచో కిలో మాంసమునకు ఎంత పడినదో కలిసి లెక్క చూతము.