ఆకాశ విహారం – నేలమీది బాధ్యత

బడంగ్‌పేటకు చేరువలోని నాదర్‌గుల్‌లో చిన్న విమానాలకు అనువైన రన్‌వే ఒకటి ఉంది. ఒకనాడు పొలాల నడుమ ఉండిన ఆ మైదానం పరిసరాలలో కాలక్రమాన ఎన్నో కాలనీలు వెలిశాయి. శిక్షణ విమానం కనబడగానే డాబాలెక్కి చేతులూపిన బాల్యం అక్కడ ఎందరికో ఉంది. ఎగిరేవానికి ప్రమాదం సంభవించవచ్చునని తెలుసు, తెలిసే సిద్ధపడతాడు. డాబామీద వడియాలు ఎండబెట్టుకొనే ఇల్లాలు ఆ ప్రమాదానికి ఒప్పుకొనలేదు. ఆమెను ఎవరూ అడగనూ లేదు. ప్రయాణికులను చేరవేసే విమానానికి ఒక లోకప్రయోజనమైనా ఉంది. వినోద విహారానికి ఎగిరేవాని సంతోషమూ చూచేవారి సంతోషమూ మాత్రమే ప్రయోజనం. అందులో పాలు లేనివారికి కీడు కలిగితే ఎగిరినవాడు ఏమి చేయాలి?

ఈ ప్రశ్న మన నగరానికి కొత్త కాదు. 2010 మార్చి 3న బేగంపేట విమానాశ్రయంలో ‘ఇండియా ఏవియేషన్’ ప్రదర్శన ప్రారంభమైంది. నౌకాదళానికి చెందిన ‘సాగర్ పవన్’ విన్యాస బృందంలోని కిరణ్ విమానం ఒకటి విన్యాసాలు చేస్తూ న్యూ బోయిన్‌పల్లిలోని ఒక భవనంపై కూలింది. విమానంలోని అధికారులు ఇద్దరూ మరణించారు. నేలపై కొందరు గాయపడ్డారు. ఆ అధికారులకు అది విధి నిర్వహణే గాని విలాసం కాదు. అయినను ప్రేక్షకుల కనులపండువకై చేసిన విన్యాసపు భారం ఒక నివాస వీధిపై పడింది. పైలట్ మరణించినచోట బాధితులకు సమాధానం చెప్పవలసినవారు నిర్వాహకులు. పైలట్ బ్రతికినచోట ఆ భారం అతనిదే.

2015 ఆగస్టు 22న ఇంగ్లండ్‌లోని షోరమ్‌లో అట్టి సంఘటనే జరిగింది. ఆండ్రూ హిల్ వృత్తిరీత్యా ప్రయాణికుల విమానాలు నడిపేవాడు. పాత యుద్ధ విమానాలతో విన్యాసాలు చేయుట ఆయన అభిరుచి. ఆనాడు హాకర్ హంటర్ జెట్‌ను ఆకాశంలో నిలువు వలయంగా తిప్పుచుండగా, శిఖరాన కనీసం 3,500 అడుగుల ఎత్తు ఉండవలసిన విమానం సుమారు 2,700 అడుగులే అందుకొంది. క్రిందికి దిగి మరల లేవలేక ప్రక్కనున్న రహదారిపై కూలింది. 11 మంది మరణించారు. వారిలో పెళ్ళికూతురును తీసుకొనివచ్చుటకు పోతున్న కారు డ్రైవరు ఉన్నాడు. ఆటకు బయలుదేరిన ఇద్దరు యువ ఫుట్‌బాల్ క్రీడాకారులున్నారు. తీవ్రంగా గాయపడిన హిల్ బ్రతికాడు. 2019 మార్చిలో న్యాయస్థానం ఆయనను నిర్దోషిగా ప్రకటించింది. వెలుపలికి వచ్చిన ఆయన ఆ మరణాలలో తన పాత్రకు క్షమాపణ కోరి, మృతుల పేర్లు పదకొండింటినీ చదివాడు. ఆ కుటుంబాలకు అది చాలిందని చెప్పలేము. ఇవి చట్టవిరుద్ధ మరణాలని మరణ విచారణాధికారి తేల్చుటకు 2022 డిసెంబరు వరకు వారు వేచి ఉండవలసి వచ్చింది. అయినను ఆ పేర్లు చదివిన పనిని నేను తక్కువగా ఎంచను.

ప్రమాదానంతరం అనేకులు మౌనం వహించుటకు భయమే కారణం. నోరు మెదపవద్దని న్యాయవాదులు, బీమా సంస్థలవారు హెచ్చరిస్తారు. ఆ సలహాలో సగమే ఒప్పు. ప్రమాద కారణాన్ని ఊహించి పదిమందిలో ప్రకటించుట తగదు. తెలిసినదంతా దర్యాప్తు అధికారులకు దాచక చెప్పాలి. అంతర్జాతీయ ఒడంబడిక ప్రకారం అట్టి దర్యాప్తు లక్ష్యం మరల ప్రమాదం జరగకుండ చూచుటే గాని నిందమోపుట కాదు. బాధితులకు విచారం తెలుపుట వేరు. క్షమాపణ చెప్పినంతమాత్రాన నిర్లక్ష్యాన్ని అంగీకరించినట్లు కాదని ఇంగ్లండ్‌లోని 2006 నాటి పరిహార చట్టం స్పష్టంగా చెబుతుంది. తోటి పైలట్లు సైతం తమ అభిరుచికి ఆంక్షలు వస్తాయేమోనని వెంటనే వాదనకు దిగుట కద్దు. అంత్యక్రియలైనా ముగియకముందే ఆ తొందర ఎందుకో!

వాల్మీకి రామాయణం అయోధ్యకాండలో ఇట్టి ఘట్టమే ఉంది. దశరథుడు యౌవనంలో వేట వేడుకతో రాత్రివేళ సరయూ తీరానికి పోయి, కుండ నిండే చప్పుడును ఏనుగు ధ్వనిగా భ్రమించి శబ్దవేధి బాణం వేశాడు. అది ఒక ముని కుమారునికి తగిలింది. చుట్టూ చీకటి, రాజు మరలిపోయినా అడిగేవారు లేరు. తన తండ్రికి నీవే వెళ్ళి తెలుపుమని ఆ కుమారుడే కోరాడు. దశరథుడు నీటికుండ పట్టుకొని ఆ అంధ దంపతుల వద్దకు వెళ్ళాడు. అడుగుల సవ్వడి విని కొడుకే వచ్చాడని వృద్ధుడు పలుకరించాడు. రాజు తన పేరును, తాను చేసిన పనిని చెప్పి, వారిని కుమారుని దేహం వద్దకు తీసుకొనిపోయాడు. నీవే వచ్చి చెప్పకుంటే నీ తల వ్రక్కలయ్యేదని ముని అన్నాడు. శాపం మాత్రం తప్పలేదు. ఆ తల్లిదండ్రులకు బిడ్డను కడసారి తాకే భాగ్యం మాత్రం దక్కింది.

విమానం అందనివారికి నేడు డ్రోన్ అందుతోంది. 2021 నాటి డ్రోన్ నిబంధనలు, 250 గ్రాములకు మించిన డ్రోన్‌కు ఇతరులకు కలిగే నష్టంపై బీమా ఉండాలన్నాయి. ప్రమాదం జరిగిన 48 గంటలలో పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్‌కు తెలపాలన్నాయి. అంతకుముందే 108కి ఫోన్ చేయుట, గాయపడినవారితో ఆసుపత్రి వరకు వెళ్ళుట, వారి ఇంటివారికి తన పేరు, చిరునామా ఇచ్చుట ఎగురవేసినవాని పని.

అర్థాలు: పాలు – భాగం, కద్దు – ఉంది, శబ్దవేధి – ధ్వనిని బట్టి లక్ష్యాన్ని కొట్టేది, వ్రక్కలు – ముక్కలు.

ప్రశ్నలు:
1. విచారం తెలుపుటకు, తప్పును అంగీకరించుటకు గల భేదాన్ని వివరించండి.
2. దశరథుని ప్రవర్తనను షోరమ్ సంఘటనతో పోల్చి వ్రాయండి.